పూతకణ అణుఇంధనం: వైఫల్య సంభావ్యతను లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు, వాటి పరిమితులు

వ్యాససంగ్రహం:
అధిక ఉష్ణోగ్రతా వాయుశీతలిత అణురియాక్టర్లలో ఇంధనం మిల్లీమీటరు కన్నా చిన్న కణాల రూపంలో ఉంటుంది. ప్రతి కణం చుట్టూ వేసిన కార్బన్, సిలికాన్ కార్బైడ్ పొరలే రేడియోధార్మిక పదార్థాలను బంధించే ప్రధాన అవరోధం. ఒక రియాక్టరులో ఇటువంటి కణాలు వందల కోట్లు ఉంటాయి. వాటన్నిటినీ పరీక్షించడం అసాధ్యం. అందువల్ల లక్షకు ఎన్ని కణాలు విఫలమవుతాయో ముందుగా చెప్పవలసిన బాధ్యత కంప్యూటర్ గణనమూనాలపై పడింది. ఈ నమూనాలు ఏయే భౌతిక, రసాయనిక ప్రక్రియలను పరిగణిస్తాయి, సంభావ్యతను ఎలా రాబడతాయి, ప్రయోగ ఫలితాలతో పోల్చినప్పుడు ఏమి బయటపడింది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. నమూనాలో చేర్చిన వైఫల్య కారణాల జాబితా ఎంత సమగ్రమైతే అది ఇచ్చే సంఖ్య అంత విశ్వసనీయమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పూతకణ ఇంధనం, ట్రైసో, వాయుశీతలిత రియాక్టరు, సిలికాన్ కార్బైడ్, వైబుల్ సూత్రం, మాంటీ కార్లో పద్ధతి, విచ్ఛిత్తి ఉత్పన్నాలు.

1. ఉపోద్ఘాతం:
భారతదేశంలోని భారజల రియాక్టర్లలో వాడే ఇంధనం తెలుగు పాఠకులకు కొంత పరిచితమే. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియం డయాక్సైడ్ బిళ్లలను జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలలో పేర్చి, ఆ గొట్టాలను కట్టలుగా కూర్చుతారు. అక్కడ ఇంధనానికి తొలి తొడుగు లోహపు గొట్టం. దాని తరువాత శీతలక వ్యవస్థ, ఆపైన దృఢమైన కాంక్రీటు భవనం వరుస అవరోధాలుగా నిలుస్తాయి.

హీలియం వాయువును శీతలకంగా వాడే అధిక ఉష్ణోగ్రతా రియాక్టర్లలో ఈ క్రమం మారుతుంది. వాటినుండి వెలువడే హీలియం ఉష్ణోగ్రత 750 డిగ్రీల సెల్సియస్, కొన్నిటిలో 950 డిగ్రీల వరకు ఉంటుంది. అంత వేడిలో లోహపు తొడుగుపై ఆధారపడడం సాధ్యం కాదు. అందువల్ల ఇంధనాన్ని అతిచిన్న గింజలుగా చేసి, ప్రతి గింజకూ పింగాణీ స్వభావం గల పొరలను తొడుగుతారు. ప్రధాన అవరోధం భవనం నుండి కణంలోకి మారుతుంది. అమెరికా అణు నియంత్రణ కమిషన్ 2018లో ఈ దృక్పథాన్ని సూత్రప్రాయంగా అంగీకరించింది. అంటే, పీడనాన్ని తట్టుకొనే సంప్రదాయ కవచ భవనం చేసే పనిలో అధికభాగాన్ని కణపు పొరలు చేయగలవని నిరూపిస్తే, దానిని భద్రతా వాదనగా స్వీకరించే మార్గం ఏర్పడింది. ఆ నిరూపణలో గణనమూనాల స్థానం కీలకమైనది.

2. పూతకణ నిర్మాణం:
బ్రిటన్‌లోని విన్‌ఫ్రిత్‌లో 1964లో పనిచేయడం ప్రారంభించిన డ్రాగన్ రియాక్టరు, జర్మనీలోని యూలిష్ నగరపు ఏవీఆర్, అమెరికాలోని పీచ్ బాటమ్, ఫోర్ట్ సెయింట్ వ్రేన్ రియాక్టర్ల అనుభవంతో ఈ ఇంధనం క్రమంగా రూపుదిద్దుకొన్నది. నేడు ప్రామాణికంగా నిలిచిన రూపాన్ని ట్రైసో కణం అంటారు.

కణం మధ్యలో యురేనియం గింజ ఉంటుంది. ఇటీవలి అమెరికన్ కణాలలో దీని వ్యాసం సుమారు 425 మైక్రోమీటర్లు, జర్మన్ సంప్రదాయంలో సుమారు 500 మైక్రోమీటర్లు. దాని చుట్టూ సుమారు 100 మైక్రోమీటర్ల మందాన సూక్ష్మరంధ్రాలతో కూడిన కార్బన్ పొర ఉంటుంది. ఇది బఫర్. విచ్ఛిత్తి శకలాల తాకిడిని ఇది తనలో ఇముడ్చుకొంటుంది. వెలువడే వాయువులకు చోటిస్తుంది. దానిపై సుమారు 40 మైక్రోమీటర్ల సాంద్ర పైరోలిటిక్ కార్బన్ పొర, దానిపై 35 మైక్రోమీటర్ల సిలికాన్ కార్బైడ్ పొర, అన్నిటికంటె వెలుపల మరొక 40 మైక్రోమీటర్ల పైరోలిటిక్ కార్బన్ పొర వరుసగా ఉంటాయి. 425 మైక్రోమీటర్ల గింజతో మొదలుపెట్టి ఈ మందాలన్నీ కలిపితే కణం మొత్తం వ్యాసం 855 మైక్రోమీటర్లు. ఈ పొరలలో భారాన్ని మోసేది, లోహ స్వభావం గల విచ్ఛిత్తి ఉత్పన్నాలను ఆపేది సిలికాన్ కార్బైడ్ పొర.

ఈ కణాలను గ్రాఫైట్ పదార్థంలో కలిపి కాంపాక్టులు అనే చిన్న స్తంభాలుగానో, 60 మిల్లీమీటర్ల వ్యాసం గల బంతులుగానో ఒత్తి తయారుచేస్తారు.

3. గణన ఎందుకు అనివార్యం:
చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో షిదావోవాన్ వద్ద నిర్మించిన హెచ్‌టీఆర్-పీఎం కేంద్రం 2021 డిసెంబరులో విద్యుత్ గ్రిడ్‌కు అనుసంధానమై, 2023 డిసెంబరులో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. అందులో రెండు రియాక్టర్లున్నాయి. ఒక్కొక్క దాని ఉష్ణ సామర్థ్యం 250 మెగావాట్లు. ఒక్కొక్క రియాక్టరులో సుమారు 4,20,000 ఇంధన బంతులు, ఒక్కొక్క బంతిలో సుమారు 12,000 కణాలు ఉంటాయి. అంటే ఒక రియాక్టరులో ఉండే కణాల సంఖ్య దాదాపు 500 కోట్లు.

లక్షకు ఒక కణం విఫలమైతే అటువంటి రియాక్టరులో 50,000 కణాలు పగులుతాయి. అవి సుమారు నాలుగు బంతులలోని ఇంధనానికి సమానం. పదివేలకు రెండు చొప్పున విఫలమైతే ఆ సంఖ్య పది లక్షలకు, అంటే 83 బంతుల ఇంధనానికి చేరుతుంది. ఈ రెండు సంఖ్యల మధ్య వ్యత్యాసం శీతలక వాయువులోని రేడియోధార్మికతను, ప్రమాద సమయంలో వెలుపలికి రాగల మోతాదును నిర్ణయిస్తుంది.

ప్రయోగం ద్వారా ఈ సంఖ్యను నేరుగా కొలవడం ఎంత కష్టమో గణాంకశాస్త్రం చెబుతుంది. ఒక పరీక్షలో ఒక్క కణమూ విఫలం కాకపోతే, 95 శాతం విశ్వాసంతో చెప్పగల గరిష్ఠ వైఫల్య నిష్పత్తి మూడును కణాల సంఖ్యతో భాగించగా వచ్చే విలువ. మూడు లక్షల కణాలను పరీక్షించి ఒక్క వైఫల్యం కూడా చూడకపోతే, 'లక్షకు ఒకటికి మించదు' అని మాత్రమే చెప్పవచ్చు. పది లక్షలకు ఒకటి అని నిరూపించాలంటే ముప్పై లక్షల కణాలు కావాలి. పైగా ప్రతి పరీక్షా ఒకే ఉష్ణోగ్రతా క్రమానికి, ఒకే న్యూట్రాన్ మోతాదుకు సంబంధించినది. రియాక్టరులో కణాలు ఎదుర్కొనే పరిస్థితులు అసంఖ్యాకం. పరీక్షించిన పరిస్థితులనుండి పరీక్షించని పరిస్థితులకు వెళ్లడానికి గణనమూనా వంతెన వంటిది.

4. గణనమూనా పరిగణించే ప్రక్రియలు:

4.1. అంతర్గత పీడనం:
తొలినాటి నమూనాలు కణాన్ని ఒక చిన్న పీడనపాత్రగా భావించాయి. విచ్ఛిత్తి వల్ల జినాన్, క్రిప్టాన్ వాయువులు పుడతాయి. గింజ యురేనియం డయాక్సైడ్ అయితే, విచ్ఛిత్తిలో విడుదలైన ఆక్సిజన్ బఫర్ కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ కూడా ఏర్పడుతుంది. ఇవన్నీ బఫర్ రంధ్రాలలో చేరి పొరలను లోపలినుండి నెడతాయి.

పలుచని గోళాకార పొరలో కలిగే తన్యత ప్రతిబలాన్ని సులభసూత్రంతో లెక్కించవచ్చు. పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగించాలి. లోపలి పీడనం వెలుపలి దానికన్నా 20 మెగాపాస్కళ్లు ఎక్కువని, సిలికాన్ కార్బైడ్ పొర సగటు వ్యాసార్ధం 370 మైక్రోమీటర్లని తీసుకొంటే, 35 మైక్రోమీటర్ల పొరలో ప్రతిబలం సుమారు 106 మెగాపాస్కళ్లు. సిలికాన్ కార్బైడ్ బలం కొన్ని వందల మెగాపాస్కళ్లు. కాబట్టి కేవలం పీడనమే కారణమైతే, సవ్యంగా తయారైన కణం పగిలే అవకాశం చాలా తక్కువ.

4.2. పైరోలిటిక్ కార్బన్ సంకోచం:
వేగ న్యూట్రాన్ల తాకిడికి పైరోలిటిక్ కార్బన్ కుంచించుకొంటుంది. సిలికాన్ కార్బైడ్ దాదాపు అలాగే ఉంటుంది. రెండూ అంటుకొని ఉండడం వల్ల, కుంచించుకొనే కార్బన్ పొరలు సిలికాన్ కార్బైడ్‌ను సంపీడనానికి గురిచేస్తాయి. ఇది మేలు చేసే గుణం. పీడనం కలిగించే తన్యతను సంపీడనం రద్దు చేస్తుంది. అయితే ఆ సమయంలో కార్బన్ పొరలే తన్యతకు లోనవుతాయి. ఆ తన్యత కొంతవరకు క్రీప్ వల్ల, అంటే వికిరణంలో పదార్థం నిదానంగా సాగడం వల్ల, సడలుతుంది. సంకోచం ఎంత, క్రీప్ ఎంత అనే రెండు గుణాల పోటీపైనే కణం భవిష్యత్తు ఆధారపడుతుంది.

సంకోచం అన్ని దిశలలో సమానంగా లేకపోయినా, క్రీప్ తగినంత లేకపోయినా లోపలి కార్బన్ పొర చీలుతుంది. చీలిక కొనవద్ద సిలికాన్ కార్బైడ్‌లో ప్రతిబలం ఒక్కచోట కేంద్రీకృతమవుతుంది. సగటు లెక్కలో సంపీడనంలో ఉన్న పొర ఆ బిందువు వద్ద తన్యతలో ఉండవచ్చు.

4.3. రసాయనిక ప్రక్రియలు:
ఉష్ణోగ్రత ఒకవైపు ఎక్కువగా, మరొకవైపు తక్కువగా ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ద్వారా కార్బన్ వేడివైపునుండి చల్లనివైపుకు చేరుతుంది. ఫలితంగా గింజ వేడివైపుకు జరుగుతూ పొరలను సమీపిస్తుంది. అమీబా కదలికను పోలి ఉండడం వల్ల దీనికి అమీబా ప్రభావం అని పేరు వచ్చింది. విచ్ఛిత్తిలో పుట్టే పల్లాడియం సిలికాన్ కార్బైడ్‌ను తినివేయగలదు. అధిక ఉష్ణోగ్రతలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఆ పొరను క్షీణింపజేస్తుంది. యురేనియం ఆక్సైడ్, యురేనియం కార్బైడ్‌ల మిశ్రమంతో గింజను తయారుచేస్తే, విడుదలైన ఆక్సిజన్‌ను కార్బైడ్ గ్రహిస్తుంది కనుక కార్బన్ మోనాక్సైడ్ దాదాపుగా ఏర్పడదు. అమెరికా ఈ మిశ్రమాన్ని ఎంచుకోవడానికి కారణమిదే.

4.4. వ్యాపనం:
పొర పగలకపోయినా కొన్ని మూలకాలు దానిగుండా మెల్లగా వ్యాపించగలవు. సుమారు 250 రోజుల అర్ధాయువు గల వెండి ఐసోటోపు, సిల్వర్-110ఎమ్, ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సంకలనం చేసిన విలువల ప్రకారం సిలికాన్ కార్బైడ్‌లో వెండి వ్యాపనానికి క్రియాశీల శక్తి మోలుకు 215 కిలోజౌళ్లు. ఈ విలువతో లెక్కిస్తే, 35 మైక్రోమీటర్ల పొరను వెండి దాటడానికి 1100 డిగ్రీల వద్ద సుమారు 100 రోజులు, 1200 డిగ్రీల వద్ద సుమారు 28 రోజులు పడుతుంది. నూరు డిగ్రీల తేడాకు వేగం మూడున్నర రెట్లు దాటింది. ఉష్ణోగ్రతను తప్పుగా అంచనా వేస్తే మిగిలిన లెక్క ఎంత నిర్దుష్టమైనా ఫలితం తప్పుతుందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

5. ప్రతిబలం నుండి సంభావ్యతకు:
ప్రతిబలం తెలిసినంతమాత్రాన వైఫల్యం తెలియదు. పింగాణీ వంటి పెళుసు పదార్థం ఎక్కడ పగులుతుందో అందులోని అతిపెద్ద లోపం నిర్ణయిస్తుంది. గొలుసును లాగినప్పుడు అది అన్నిటికన్నా బలహీనమైన లంకె వద్ద తెగినట్లే, పొర తన బలహీన బిందువు వద్ద చీలుతుంది. ఈ భావనను స్వీడన్ శాస్త్రవేత్త వాలొడ్డి వైబుల్ 1939లో గణితరూపంలో ప్రతిపాదించాడు. అందులో పదార్థపు బలం ఎంత చెదిరి ఉంటుందో తెలిపే ఒక ఘాతాంకం ఉంటుంది. సిలికాన్ కార్బైడ్‌కు ఆ ఘాతాంకం సుమారు 8 అనుకొంటే, ప్రతిబలం పది శాతం పెరిగినప్పుడు వైఫల్య సంభావ్యత రెట్టింపు దాటుతుంది. ప్రతిబలం రెట్టింపైతే సంభావ్యత 256 రెట్లవుతుంది.

రెండవ అనిశ్చితి తయారీకి సంబంధించినది. ఏ రెండు కణాలూ ఒకే కొలతలో ఉండవు. గింజ వ్యాసం, బఫర్ సాంద్రత, పొరల మందం, గోళాకృతి అన్నీ కొంత మారుతూ ఉంటాయి. మాంటీ కార్లో పద్ధతిలో కంప్యూటర్ ఆ వైవిధ్యానికి అనుగుణంగా యాదృచ్ఛికంగా ఒక్కొక్క కణాన్ని 'తయారుచేసి', దాని జీవితకాలాన్ని అనుకరించి, పగిలిందో లేదో నమోదు చేస్తుంది. వైఫల్య సంభావ్యత లక్షకు ఒకటైతే, ఆ విలువను పది శాతం దోషంతో రాబట్టడానికి సుమారు కోటి కణాలను అనుకరించాలి.

ఇక్కడ వేగానికి, సమగ్రతకు మధ్య వైరుధ్యం ఏర్పడుతుంది. పరిపూర్ణ గోళానికి ఏకపరిమాణ లెక్క క్షణంలో ముగుస్తుంది. చీలిన కణానికి, గోళాకృతి తప్పిన కణానికి ద్విపరిమాణ లేదా త్రిపరిమాణ ఫైనైట్ ఎలిమెంట్ లెక్క అవసరం. దానిని కోటిసార్లు చేయడం కష్టం. అమెరికాలోని ఐడహో జాతీయ ప్రయోగశాల రూపొందించిన పార్ఫ్యూమ్ ప్రోగ్రాము ఇందుకొక మధ్యేమార్గాన్ని అనుసరించింది. కొన్ని బహుపరిమాణ లెక్కలను ముందుగా చేసి, వాటినుండి సంబంధాలను రాబట్టి, వేగవంతమైన ఏకపరిమాణ లెక్కకు సవరణలుగా జోడించింది. అదే సంస్థ తరువాత అభివృద్ధి చేసిన బైసన్ ప్రోగ్రాము ఏక, ద్వి, త్రి పరిమాణ లెక్కలను ఒకే చట్రంలో చేయగలదు.

6. నమూనాల వికాసం, పరస్పర పోలిక:
1960లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో ప్రాడోస్, స్కాట్‌లు పూతకణ ప్రవర్తనకు గణితనమూనాను ప్రతిపాదించారు. 1969లో జనరల్ అటామిక్ సంస్థకు చెందిన కాయే సిలికాన్ కార్బైడ్ పొరతో కూడిన కణంలో ప్రతిబలాలను లెక్కించే పద్ధతిని ప్రచురించాడు. జర్మనీలో పనామా, ఫ్రాన్స్‌లో అట్లాస్, బ్రిటన్‌లో స్ట్రెస్-3 వంటి ప్రోగ్రాములు వెలువడ్డాయి.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆధ్వర్యంలో జరిగిన సమన్విత పరిశోధనలో వివిధ దేశాలు ఒకే సమస్యలను తమతమ ప్రోగ్రాములతో సాధించి ఫలితాలను పోల్చాయి. మొదటి సమస్యలు అతిసరళమైనవి: ఒకే పొర, స్థిరపీడనం. ఆపై క్రమంగా సంకోచం, క్రీప్, బహుపొరలు, మారే ఉష్ణోగ్రత చేరాయి. సరళ సమస్యలలో ఫలితాలు చక్కగా ఏకీభవించాయి. సంక్లిష్ట సమస్యలకు వెళ్లేకొద్దీ వ్యత్యాసాలు పెరిగాయి. ప్రోగ్రాములన్నీ ఏకీభవించడం వల్ల సమీకరణాలను సరిగా సాధించారని తెలుస్తుంది. కణం నిజంగా అలాగే ప్రవర్తిస్తుందని తెలియదు. ఆ తీర్పు ప్రయోగానిదే.

7. ప్రయోగాల తీర్పు:

7.1. పీచ్ బాటమ్ అనుభవం:
1967లో పనిచేయడం ప్రారంభించిన పీచ్ బాటమ్ రియాక్టరు తొలి ఇంధనంలో కణాలకు బఫర్ లేదు. ఒకే ఒక పైరోలిటిక్ కార్బన్ పూత ఉండేది. వికిరణంలో ఆ పూతలు పగిలాయి. బఫర్‌ను, అన్ని దిశలలో సమానగుణం గల కార్బన్‌ను చేర్చిన రెండవ ఇంధనం సంతృప్తికరంగా పనిచేసింది. పూతను పటిష్ఠమైన గుల్లగా మాత్రమే చూడరాదని, న్యూట్రాన్ల మధ్య అది ఆకృతి మార్చుకొనే పదార్థమని ఈ అనుభవం చాటింది.

7.2. ఏజీఆర్-1 పరీక్ష:
2006 డిసెంబరునుండి 2009 నవంబరు వరకు ఐడహోలోని అడ్వాన్స్‌డ్ టెస్ట్ రియాక్టరులో సుమారు మూడు లక్షల కణాలను 72 కాంపాక్టులలో వికిరణానికి గురిచేశారు. గింజలోని భార పరమాణువులలో గరిష్ఠంగా 19.6 శాతం విచ్ఛిత్తి చెందాయి. వికిరణ కాలంలో పొరలన్నీ పగిలిన కణం ఒక్కటీ కనిపించలేదు.

తరువాతి పరిశీలన మరింత విలువైనది. కొద్ది కణాలలో సిలికాన్ కార్బైడ్ పొర మాత్రమే విఫలమై సీజియం బయటకు వచ్చింది. గ్రాఫైట్ హోల్డర్లను గామా స్కానింగ్ చేసి సీజియం ఎక్కువగా చేరిన చోటును గుర్తించారు. అక్కడి కాంపాక్టును విడగొట్టి, వేల కణాలను ఒక్కొక్కటిగా గామా కిరణాలతో లెక్కించి, సీజియం తగ్గిన కణాన్ని వెదికి, ఎక్స్‌రే టోమోగ్రఫీతో లోపలికి చూశారు. గడ్డివాములో సూదిని వెదికినట్టి ఈ శ్రమకు ఫలితం దక్కింది. వికిరణంలో బఫర్ కుంచించుకొనేటప్పుడు అది లోపలి కార్బన్ పొరనుండి పూర్తిగా విడిపోతే హాని లేదు. కొంతభాగం అంటుకొని ఉండిపోతే అది లోపలి కార్బన్ పొరను లాగి చీలుస్తుంది. ఆ చీలికగుండా పల్లాడియం సిలికాన్ కార్బైడ్‌ను ఒకేచోట చేరి తినివేస్తుంది.

అనేక గణనలు అప్పటివరకు బఫర్ సమంగా విడిపోతుందనే భావించాయి. కోటి కణాలను అనుకరించినా ఆ భావనలోని లోపం బయటపడదు. ఎందుకంటే అనుకరించిన కోటి కణాలలోనూ బఫర్ సమంగానే విడిపోతుంది. చెదురుబాటును మాంటీ కార్లో కొలవగలదు. జాబితాలో లేని కారణాన్ని కనిపెట్టలేదు. తరువాతి నమూనాలలో బఫర్ అతుకు, చీలిక, పల్లాడియం దాడి ముఖ్యాంశాలయ్యాయి.

ఈ కాంపాక్టులను 1600 నుండి 1800 డిగ్రీల వరకు వందల గంటలు వేడిచేసి చూసినప్పుడు, పార్ఫ్యూమ్ అంచనాలు అనేక సందర్భాలలో కొలిచిన విడుదలకన్నా ఎక్కువగా ఉన్నాయి. భద్రత దృష్ట్యా ఎక్కువ అంచనా వేయడం మేలే. కాని ఎక్కువ అంచనా వేయడం, సరిగా అర్థంచేసుకోవడం ఒకటి కావు.

7.3. ఏవీఆర్ ఉష్ణోగ్రత:
1986లో యూలిష్‌లోని ఏవీఆర్ రియాక్టరులోకి, వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కరిగే తీగలను పొదిగిన గ్రాఫైట్ బంతులను పంపారు. కొన్ని బంతులలో 1280 డిగ్రీల వద్ద కరిగే తీగ కూడా కరిగిపోయింది. రియాక్టరు లెక్కలు ఊహించిన దానికన్నా ఆ బంతులు ఎక్కువ వేడిని చూశాయి. కణపు నమూనా ఉష్ణోగ్రతను తనంతట తాను కనుగొనదు, రియాక్టరు నమూనానుండి స్వీకరిస్తుంది. వెండి వ్యాపనపు లెక్కలో నూరు డిగ్రీల ప్రభావాన్ని గుర్తుచేసుకొంటే ఈ సంఘటన తీవ్రత బోధపడుతుంది.

8. ముగింపు:
2020లో అమెరికా అణు నియంత్రణ కమిషన్ ట్రైసో కణాల పనితీరుపై ఎలక్ట్రిక్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ సమర్పించిన నివేదికను ఆమోదించింది. ఆ ఆమోదానికి ప్రధాన ఆధారం ఏజీఆర్ పరీక్షల ఫలితాలు. భారతదేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం రూపకల్పన చేసిన కాంపాక్ట్ హై టెంపరేచర్ రియాక్టరు వాయుశీతలితం కాదు. ద్రవరూప సీసం-బిస్మత్ దాని శీతలకం. అయినా ఇంధనం ట్రైసో కణాలే కనుక ఈ చర్చ దానికీ వర్తిస్తుంది. పై పరిశీలననుండి తేలిన అంశాలు ఇవి:

1. వందల కోట్ల కణాల వైఫల్య నిష్పత్తిని ప్రయోగం ఒక్కటే నిర్ణయించలేదు. గణనమూనా అనివార్యం.
2. సవ్యమైన కణానికి అంతర్గత పీడనం పెద్ద ప్రమాదం కాదు. వైఫల్యం చీలిక, అతుకు, రసాయనిక క్షయం వంటి స్థానిక కారణాలతో మొదలవుతుంది.
3. మాంటీ కార్లో పద్ధతి తయారీ వైవిధ్యాన్ని సంభావ్యతగా మారుస్తుంది. నమూనాలో లేని ప్రక్రియను అది చూపలేదు.
4. ప్రోగ్రాముల ఏకాభిప్రాయం సమీకరణాల సాధనకు మాత్రమే సాక్ష్యం. కణపు ప్రవర్తనకు సాక్ష్యం వికిరణానంతర పరిశీలన.
5. ఉష్ణోగ్రతలోని అనిశ్చితిని కణపు నమూనా ఫలితంతోపాటు ప్రకటించాలి.

కవచ భవనానికి ఉన్న బాధ్యతను మిల్లీమీటరు కన్నా చిన్న కణానికి అప్పగించినప్పుడు, 'లక్షకు ఒకటి' అనే సంఖ్య ఆ బాధ్యతకు హామీపత్రం అవుతుంది. ఏయే కారణాలను పరిగణించి ఆ సంఖ్యను రాబట్టారో దాని పక్కనే పేర్కొన్నప్పుడే ఆ హామీకి విలువ.